గేటు బయట ప్రార్థన

(కార్యకర్తల శిక్షణా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గర్భస్రావం హక్కు గురించి మాట్లాడమన్నారు. చట్టం సంగతి మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. అందుకని నేను ఒక ఫుట్‌పాత్ దగ్గర మొదలు పెడతాను. పశ్చిమ లండన్‌లోని ఈలింగ్‌లో, మాటక్ లేన్ అనే వీధిలో, గర్భస్రావాలు చేసే క్లినిక్ ఒకటి ఉంది. దాని గేటు బయట ఏళ్ళ తరబడి కొందరు క్రైస్తవులు, ముఖ్యంగా కాథలిక్కులు, జపమాల తిప్పుతూ ప్రార్థన చేసేవారు. సౌతాల్ కూడా ఈలింగ్ పరిధిలోనిదే. పంజాబీ కుటుంబాల సౌతాల్, 1979లో 'సౌతాల్ బ్లాక్ సిస్టర్స్' పుట్టిన సౌతాల్. అంచేత ఇది మనకు సంబంధం లేని ఊరి కథేమీ కాదు.

ప్రార్థనకు వచ్చేవాళ్ళను మూర్ఖులనో, ఎవరో ఆడించే బొమ్మలనో కొట్టిపారేస్తే మనకు ఏమీ అర్థం కాదు. వాళ్ళలో స్త్రీలు ఎందరో ఉంటారు. ఉపవాసముండి, చలిలో వంతులు వేసుకుని నిలబడతారు. తాము చేసేది నిరసన కాదనీ, ప్రేమతో చేసే సేవ అనీ నమ్ముతారు. అది నటన అని నేను అనుకోను.

కానీ ఈ నిశ్శబ్దానికి ఒక చరిత్ర ఉంది. అమెరికాలో 1980ల చివర 'ఆపరేషన్ రెస్క్యూ' వాళ్ళు క్లినిక్ తలుపులకు అడ్డంగా కూర్చునేవారు. 1991 వేసవిలో విచిటా నగరంలో వారాల తరబడి ఇదే పని చేశారు. 1993లో ఫ్లోరిడాలో ఒక డాక్టర్‌ను క్లినిక్ బయటే కాల్చి చంపారు. 1994లో క్లినిక్ దారిని అడ్డుకోవడం నేరమని ఫెడరల్ చట్టం వచ్చింది. తలుపుకు అడ్డం పడుకోవడం కష్టమయ్యాక ఫుట్‌పాత్ మీద మోకరిల్లడం ముందుకొచ్చింది. 2004లో టెక్సాస్‌లోని బ్రయన్ పట్టణంలో మొదలైన 'నలభై రోజుల' ప్రార్థన తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. బైబిల్లో నలభైకి ఉన్న విలువ మన ఊళ్ళలో ఉపవాస కూడికలకు వెళ్ళే ఏ అక్కకైనా తెలుసు. హంతకుడినీ, మోకరిల్లిన ముసలమ్మనూ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. వీధిలో ఏ రూపం చెల్లుతుందో దాన్ని ఉద్యమాలు నేర్చుకుంటాయి. మనమూ అలాగే నేర్చుకున్నాం.

ఇక గేటు దాటే స్త్రీ వైపు నుంచి చూడండి. ఆమె ఎందుకు వచ్చిందో నిలబడినవాళ్ళకు తెలియదు. పిండం బతకదని స్కానింగులో తేలి వచ్చిందా, ఇంట్లో దెబ్బలు తట్టుకోలేక వచ్చిందా, మామూలు పరీక్షకు వచ్చిందా? తెలియకుండానే ఆమె చేతిలో కరపత్రం పెడతారు, పిండం చిత్రాలు చూపిస్తారు. ఈలింగ్‌లో 'అమ్మా' అని పిలిచేవారని కౌన్సిల్‌కు ఫిర్యాదులు అందాయి. మన దగ్గర ముక్కూ మొహం తెలియని ఆమెను కూడా గౌరవంగా 'అమ్మా' అంటాం. అక్కడ ఆ పిలుపు ఒక తీర్పు. ఆమె ఇంకా తేల్చుకోని విషయాన్ని, లేదా ఏడ్చి ఏడ్చి తేల్చుకున్న విషయాన్ని, ముందే తేల్చేసి పెట్టిన పేరు. గొంతు ఎంత మెత్తగా ఉన్నా, 'నిన్ను చూశాం' అన్న మాట ఆమెకు అందుతుంది. మన ప్రైవేటు నర్సింగు హోముకు మొహం మీద కొంగు కప్పుకుని వచ్చే ఆడపిల్లకు ఈ భయం గురించి ఎవరూ చెప్పనక్కరలేదు.

2018 ఏప్రిల్‌లో ఈలింగ్ కౌన్సిల్ ఆ క్లినిక్ చుట్టూ ఇటువంటి ప్రార్థనలను, నిరసనలను నిషేధించింది. బ్రిటన్‌లో అటువంటి ఉత్తర్వు అదే మొదటిది. దాన్ని కోర్టులో సవాలు చేసింది ఒక తల్లి. రొమేనియా నుంచి వలస వచ్చి, ఒంటరిగా గర్భవతిగా ఉన్నప్పుడు, ఆ గేటు దగ్గరి మనుషుల సాయంతోనే బిడ్డను కన్నానని ఆమె చెప్పింది. 2019లో అప్పీలు కోర్టు ఆమె వాదాన్ని తోసిపుచ్చింది. కోర్టులో ఓడిపోయినా ఆమె మాట మనల్ని వదలకూడదు. డబ్బు లేక, ఇల్లు లేక, మనిషి తోడు లేక బిడ్డను వద్దనుకునే స్త్రీకి దానిని ఎంపిక అనగలమా? ఆ సాయం రాజ్యం ఇవ్వలేదు, ప్రార్థన చేసేవాళ్ళు ఇచ్చారు. అయితే సాయం చెయ్యడానికి గేటే ఎందుకు కావాలి అన్నది నా ప్రశ్న.

ఇంగ్లండ్, వేల్స్‌లో 2024 అక్టోబరు 31 నుంచి క్లినిక్‌ల చుట్టూ 150 మీటర్ల రక్షిత ప్రాంతం అమలవుతోంది. స్కాట్లండ్‌లో అది 200 మీటర్లు. అదే అక్టోబరులో, బోర్న్‌మత్ క్లినిక్ దగ్గర 2022లో మౌనంగా ప్రార్థించిన ఒక మాజీ సైనికుడిని స్థానిక ఉత్తర్వు కింద దోషిగా తేల్చి, 9,000 పౌండ్లు ఖర్చుల కింద కట్టమన్నారు. ఇది నాకు మింగుడు పడలేదు. పోలీసు ఒక మనిషిని ఆపి 'దేని గురించి ప్రార్థిస్తున్నావు?' అని అడిగే అధికారం మంచి పనికే మొదలైనా అక్కడ ఆగదు. 2012లో గర్భస్రావం నిరాకరించడంతో ఐర్లండ్‌లో మరణించిన సవితా హలప్పనవర్ కోసం అక్కడి స్త్రీలు కొవ్వొత్తులు పట్టుకుని వీధుల్లో మౌనంగా నిలబడ్డారు. 2017లో హైదరాబాదులో ధర్నా చౌక్‌ను మూసినప్పుడు వీధి మాది కూడా అన్నాం. కనుక దూరాన్ని కొలవమని అడుగుదాం, మనసును కొలవమని అడగొద్దు. నా లెక్కలో 150 మీటర్లు న్యాయం, మౌనానికి విచారణ న్యాయం కాదు. మీలో కొందరు ఒప్పుకోరని తెలుసు. ఆ గీత ఎక్కడ గీయాలో మధ్యాహ్నం తగువులాడదాం.

మన దగ్గర గేటు ముందు ఎవరూ మోకరిల్లరు, అవసరం లేదు గనుక. ఆ కాపలా ఇంట్లోనే ఉంది, డాక్టరు 'భర్తను తీసుకురా' అనడంలో ఉంది. 1971 చట్టం ప్రకారం మేజరయిన స్త్రీకి భర్త సంతకం అక్కరలేదు. 2022 సెప్టెంబరులో సుప్రీం కోర్టు పెళ్ళి కాని స్త్రీలకూ 24 వారాల వరకు సమాన హక్కు ఉందన్నది. అయినా సంతకం అడుగుతూనే ఉన్నారు.

మరొకటి, గోడల మీద ఉంది. ఆడపిండాల ఎంపికకు వ్యతిరేకంగా వేసే పోస్టర్లలో 'భ్రూణహత్య మహాపాపం' అని రాస్తారు. 1994 చట్టం నేరమన్నది లింగనిర్ధారణను, గర్భస్రావాన్ని కాదు. హత్య, పాపం అన్న మాటలు మాటక్ లేన్‌లో కరపత్రం పంచేవాళ్ళకు బాగా సరిపోతాయి. వాటిని చదివిన ఏఎన్ఎమ్, చట్టబద్ధంగా వచ్చిన స్త్రీని కూడా అనుమానంగా చూస్తుంది. మీరు మీ జిల్లాల నుంచి తెచ్చిన పోస్టర్లు వెనక బల్ల మీద ఉన్నాయి. టీ తాగేటప్పుడు వాటిలో ఈ రెండు మాటలు ఎన్నిచోట్ల ఉన్నాయో చూడండి, వాటి స్థానంలో ఏం రాయాలో అక్కడి నుంచి మొదలు పెడదాం.