విమానంలో మర్యాద ప్రాంతానికొక తీరుగా ఎందుకున్నది?

(ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ఉపన్యాస పాఠం)



పగలూ రాత్రీ రైలుకూత వినిపించే ఈ ట్రాఫిక్ కాలనీలో నిలబడి విమానాల సంగతి మాట్లాడడమేమిటని కొందరు మిత్రులు ముందే అడిగారు. కారణం ఉన్నది. మన పిల్లలు ఉద్యోగాల కోసం గల్ఫ్ దేశాలకు, సింగపూరుకు, అమెరికాకు పోతున్నారు. తిరిగి వచ్చినప్పుడు ఒక మాట చెబుతున్నారు. ఫలానా దేశపు విమానంలో పరిచారికలు చేతులు జోడించి పలకరిస్తారట. ఫలానా దేశపు విమానంలో మంచినీళ్లు అడిగినా విసుక్కుంటారట. ఇక మన విమానాల సంగతి అడగవద్దంటారు. ఇంతవరకు అభ్యంతరం లేదు. అనుభవించినవారు చెప్పే మాట అది. కాని ఆ వెంటనే వచ్చే తీర్పు వద్దనే మా అభ్యంతరం. ‘ఆ జాతి స్వభావమే అంత’ అంటారు.

ఈ తీర్పు మనకు కొత్త కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో గంజాం, విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల నుండి వచ్చి ఈ ఊరి వర్క్‌షాపులో, యార్డులో పనికి కుదిరిన మన పెద్దలను గురించి కూడ ఇటువంటి మాటలే అన్నారు. మద్రాసీ ఇంత, బిహారీ అంత, బెంగాలీ మరింత అని దొరలు లెక్కలు కట్టారు. 1927లో తొలగింపులకు ఎదురుతిరిగి ఈ ఊరి కార్మికులు సమ్మెకు దిగినపుడు, వి.వి. గిరిగారి నాయకత్వాన ఆ మూడు భాషలవారూ ఒకే వరుసలో నిలబడ్డారు. స్వభావాల లెక్క ఆనాడు ఎవరికీ అక్కరకు రాలేదు. కనుక విమాన పరిచారికల విషయంలోనూ స్వభావాన్ని కాసేపు పక్కన పెట్టి, పని షరతులను చూద్దాం.

మొదట మనుషుల లెక్క. విమానంలో ఎందరు సిబ్బంది ఉండాలన్నది ప్రయాణికుల భద్రత కోసం ప్రభుత్వాలు నిర్ణయించే విషయం. అమెరికాలోనూ, ఐరోపాలోనూ, మన దేశంలోనూ 50 సీట్లకు ఒకరు అన్నది కనీస నియమం. ఆస్ట్రేలియాలో చాలాకాలం 36 మంది ప్రయాణికులకు ఒకరు ఉండేవారు. తరువాత అక్కడ కూడ 50 సీట్ల లెక్కకు అనుమతులిచ్చారు. ఈ కనీసం మంటలు చెలరేగితే జనాన్ని బయటికి పంపడానికి వేసిన లెక్క. భోజనం వడ్డించడానికి, ఏడ్చే పసిబిడ్డ తల్లికి సాయం చేయడానికి వేసినది కాదు. కనీసానికి పైన ఎంతమందిని పెట్టాలన్నది కంపెనీ ఇష్టం. ఒక కంపెనీ కనీసం దగ్గర ఆగుతుంది, మరొకటి టిక్కెట్టు ధర పెంచి అదనంగా నలుగురిని పెడుతుంది. రెండవ విమానంలో చిరునవ్వు కనిపిస్తే అది ఆ దేశపు నేల మహిమ కాదు, చేతుల సంఖ్య.

2009 నవంబరులో బ్రిటిష్ ఎయిర్‌వేస్ యాజమాన్యం లండను హీత్రో నుండి బయలుదేరే దూరప్రయాణపు విమానాలలో సిబ్బందిని 15 నుండి 14కు తగ్గించింది. ఒక్కరే కదా అని బయటివారికి తోచవచ్చు. ఒక్క టి.టి.ఇ.ని తగ్గించి ఆ పెట్టెలను మిగిలినవారికి పంచితే రాత్రి బండిలో ఏమవుతుందో ఈ సభలో ఉన్నవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ తగాదా 2010లో 22 రోజుల సమ్మెగా పరిణమించింది. ఆ ఏడే కంపెనీ కొత్తగా చేరేవారి కోసం తక్కువ జీతంతో మిక్స్‌డ్ ఫ్లీట్ అనే వేరు దళాన్ని ఏర్పాటు చేసింది. ఒకే ఊరు, ఒకే కంపెనీ, ఒకే రంగు దుస్తులు. జీతాలు మాత్రం రెండు రకాలుగా ఉండేవి. 2017లో ఆ రెండవ దళం వారు కూడ జీతాల కోసం సమ్మె చేయవలసి వచ్చింది. ఆ రెండు దళాల మధ్య సేవలో తేడా వచ్చి ఉంటే దానిని ఏ జాతి స్వభావానికి అంటగడతారు?

రెండవది పనివేళల లెక్క. అమెరికాలో చాలా కంపెనీలలో పరిచారికకు జీతపు గడియారం విమానం తలుపులు మూసిన తరువాతనే మొదలయ్యేది. జనం ఎక్కేటపుడు పెట్టెలు సర్దడం, సీట్లు చూపడం, తగవులు తీర్చడం — పనిలో అతి కష్టమైన ఆ అరగంట లెక్కలోకి వచ్చేది కాదు. 2022లో డెల్టా కంపెనీ ఆ సమయానికి సగం రేటు చొప్పున చెల్లించడం మొదలుపెట్టింది. ‘అమెరికా పరిచారికలు విమానం ఎక్కేటపుడు ముభావంగా ఉంటారు’ అని మన కుర్రవాడెవరైనా అంటే ఈ సంగతి చెప్పండి. మరొక సంగతి కూడ చెప్పవచ్చు. అక్కడ సీనియారిటీ ప్రకారం రూట్లు ఎంచుకునే హక్కు ఉన్నది. పాతికేళ్లు, ముప్పయ్యేళ్లు సర్వీసు చేసిన స్త్రీలు ఉన్నారు. వారు తల వంచి మాట్లాడరు. వంచవలసిన అగత్యం వారి సంఘాలు ఉంచలేదు. మర్యాదకూ అణకువకూ గల భేదం ప్రయాణికులు గుర్తించరు, మనం గుర్తించాలి.

ఆసియాలో సిబ్బంది సౌమ్యతకు పేరుపడిన కంపెనీలను చూడండి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 1972 నుండి సారోంగ్ కెబాయా ధరించిన యువతి రూపాన్నే తన ప్రకటనగా చేసుకున్నది. అక్కడ చిరునవ్వు కంపెనీ అమ్మే సరుకు. దానికి తగిన శిక్షణ, తగినంతమంది సిబ్బంది, తగిన ఖర్చు కూడ ఉన్నాయని ఒప్పుకోవాలి. గల్ఫ్ కంపెనీల సంగతి వేరు. అరబ్ ఎమిరేట్స్‌లో కార్మిక సంఘాలకు చోటు లేదు. ఖతార్ ఎయిర్‌వేస్‌లో పరిచారిక గర్భవతి అయితే ఉద్యోగం పోయే షరతు ఒప్పందంలోనే ఉండేది. అది వివక్ష అని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2015లో తేల్చిచెప్పింది. ఆ తరువాత కంపెనీ షరతు మార్చుకున్నది. అనేక దేశాల నుండి వచ్చిన ఇరవైల ప్రాయపు యువతీ యువకులు, ఉద్యోగం పోతే దేశం విడిచిపోవలసినవారు, ఎల్లవేళలా నవ్వుతూ ఉన్నారంటే ఆ నవ్వులో ఎంత పాలు శిక్షణ, ఎంత పాలు భయం అన్నది మనం అడగవలసిన ప్రశ్న.

మన దేశం ఇందుకు మినహాయింపని గర్వపడకండి. ఎయిర్ ఇండియాలో పరిచారిక 35 ఏళ్లకు గాని, చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకుంటే గాని, మొదటి గర్భంతో గాని — ఏది ముందైతే అప్పుడు — ఇంటికి పోవలసిన నిబంధన ఉండేది. అదే విమానంలో పనిచేసే మగ పర్సరుకు పదవీ విరమణ వయస్సు 58. నర్గేష్ మీర్జా కేసులో 1981లో సుప్రీంకోర్టు గర్భం షరతును కొట్టివేసింది. నాలుగేళ్ల పెళ్లి షరతును మాత్రం సమర్థించింది. ఆ భాగం మాకు ఈనాటికీ మింగుడుపడదు. రెండేళ్ల తరువాత, 1983లో, ఆర్లీ హోక్‌షీల్డ్ అనే అమెరికా సమాజశాస్త్రజ్ఞురాలు డెల్టా పరిచారికలను పరిశీలించి ఒక గ్రంథం వెలువరించింది. కమ్మరి కండరాన్ని అమ్మినట్లు వీరు మనసును అమ్ముతున్నారని, కోపాన్ని అణచి నవ్వు తెచ్చుకోవడం కూడ శ్రమేనని ఆమె వాదన. కౌంటరు వెనుక కూర్చునే పోస్టల్ అసిస్టెంటుకు, ఎంక్వయిరీ కిటికీ దగ్గర కూర్చునేవారికి ఈ మాట తెలియని కొత్త కాదు. పే కమిషన్ల ముందు మాత్రం ఈ శ్రమను మనం ఎన్నడూ గట్టిగా లెక్కకట్టి పెట్టలేదు.

మూడవది మరింత లోతైనది. మనిషి ఒకచోట పనిచేస్తాడు, చట్టం మరొకచోట ఉంటుంది. ఐరోపాలో ర్యాన్‌ఎయిర్ కంపెనీ బెల్జియంలో, స్పెయిన్‌లో, పోర్చుగల్‌లో నివసించే సిబ్బందికి ఐర్లండు చట్టం కింద ఒప్పందాలు వ్రాయించేది. 2017 సెప్టెంబరు 14న ఐరోపా న్యాయస్థానం, ఉద్యోగి ఏ విమానాశ్రయం నుండి రోజూ పనికి బయలుదేరతాడో ఆ హోమ్ బేస్‌కు ముఖ్యమైన విలువ ఉన్నదని, అక్కడి కోర్టులో దావా వేయవచ్చునని తీర్పు చెప్పింది. మరుసటి ఏడు జూలైలో నాలుగు దేశాల సిబ్బంది ఒకేసారి సమ్మె చేశారు. మనవైపు చూస్తే, లుఫ్తాన్సా కంపెనీ ఢిల్లీ కేంద్రంగా భారతీయ సిబ్బందిని కాలపరిమితి ఒప్పందాలపై పెట్టుకున్నది. 2021లో వారిలో 103 మందికి ఉద్యోగాలు పోయాయి. అదే విమానంలో అదే నడవలో ట్రాలీ తోసిన జర్మన్ సహోద్యోగి వెనుక ఉన్న సంఘబలం వారి వెనుక లేదు.

ఇక సీటులో కూర్చున్నవాడి సంగతి. కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ, కడప జిల్లాల నుండి గల్ఫ్‌కు పోయే మన కూలీలు తరచుగా ఒక మాట చెబుతారు: తెల్లచొక్కాల వారితో ఒక గొంతు, తమతో మరొక గొంతు. ఈ ఫిర్యాదు నిజమే. ఇంగ్లీషు, హిందీ ప్రకటనలు తప్ప వినిపించని విమానంలో, బెల్టు పెట్టుకోవడం తెలియని తొలి ప్రయాణికుడిపై కసరుకోవడాన్ని మేము సమర్థించము. పని ఒత్తిడి అనే మాట ఇక్కడ చెల్లదు. సంఘసభ్యుడైనా సరే, పేదవాడిని చూసి గొంతు మార్చేవాడిని సంఘం కాపాడకూడదు. అయితే ఆ రూట్లు నడిపే చౌక కంపెనీల సిబ్బంది పరిస్థితి కూడ తెలుసుకోండి. 2024 మే నెలలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ సిబ్బంది, సంస్థల విలీనం వేళ ఉద్యోగ షరతులపై అసంతృప్తితో, వందల సంఖ్యలో సిక్ పెట్టారు. పాతికమందిని తొలగించారు. ఢిల్లీలో లేబరు కమిషనరు ఎదుట చర్చలు జరిగాక తిరిగి తీసుకున్నారు. గల్ఫ్ కూలీ, అతనికి నీళ్లిచ్చే పరిచారిక ఇద్దరూ ఒకే చౌక టిక్కెట్టు భారాన్ని మోస్తున్నారు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. ఆ జోను బండి శుభ్రం, ఈ జోను బండి మురికి అన్న మాట మన ప్లాట్‌ఫారాలపై కూడ వినబడుతున్నది. ఇక్కడ జోన్లకు జాతకాలు కట్టేవారు ఒకటి గమనించాలి. ఈ ఖరగ్‌పూర్ 1952లో తూర్పు రైల్వేలో కలిసింది, 1955లో ఆగ్నేయ రైల్వేకు వచ్చింది. 2003లో వాల్తేరు డివిజను తూర్పు తీర రైల్వేలోకి పోయింది. బోర్డులు మారాయి గాని మనుషులు మారలేదు. భోజనాల బాధ్యత 2005 విధానంతో ఐ.ఆర్.సి.టి.సి.కి పోయింది, 2010లో జోన్లకు తిరిగి వచ్చింది, 2017లో మళ్లీ ఐ.ఆర్.సి.టి.సి.కి పోయింది. పన్నెండేళ్లలో మూడుసార్లు యజమాని మారిన వంటశాలలో రుచి నిలకడగా ఉంటుందా? ఇలా విధానాలు మాటిమాటికి మారడాన్ని 2017లో కాగ్ నివేదిక కూడ తప్పుపట్టింది. అదే నివేదిక బండ్లలో, స్టేషన్లలో తిండి నాణ్యతను గురించి చెప్పినది చదివితే మనకే సిగ్గు వేస్తుంది.

తపాలా మిత్రులకు ఇంత వివరం అక్కరలేదు. పట్నం కౌంటరులో డిపార్టుమెంటు ఉద్యోగి పూర్తి పనిదినం కూర్చుంటాడు. పల్లెలో గ్రామీణ డాక్ సేవక్‌కు 2018 నుండి నాలుగు లేక ఐదు గంటల పని అని కాగితం మీద లెక్క. ఆ గంటలలోనే ఉత్తరాలు, పొదుపు ఖాతాలు, బీమా, టార్గెట్లు. పల్లె సేవ పట్నం సేవలా లేదని నిందించేవారు ముందు ఈ రెండు ఉద్యోగాలను ఒకటి చేయమనాలి.

రైలులో దుప్పట్లు పంచే కోచ్ అటెండెంటు, పెట్టె ఊడ్చే కుర్రవాడు నేడు చాలావరకు కాంట్రాక్టరు మనుషులు. ప్రయాణికుడు ఫోనులో ఫిర్యాదు నొక్కితే జరిమానా కాంట్రాక్టరుకు పడుతుంది. కాంట్రాక్టరు దానిని ఎవరి కూలి నుండి రాబడతాడో ఊహించడం కష్టం కాదు. టి.టి.ఇ.లకు రెస్ట్ హౌసు ఉన్నది, డ్రైవర్లకు, గార్డులకు రన్నింగ్ రూము ఉన్నది. రెండు రాత్రులు ప్రయాణించి వచ్చిన అటెండెంటు మురికి దుప్పట్ల మూటల పక్కన పడుకుంటున్నాడు. 1072 మీటర్ల ప్లాట్‌ఫారం మనదని, 2013 వరకు ప్రపంచంలో అంత పొడవైనది లేదని అతిథులకు చెప్పుకుంటాం. ఆ పొడవునా అతను నడుము వాల్చడానికి ఒక గది లేదు.

కాంట్రాక్టు సిబ్బందికి బండి చివరి స్టేషనులో విశ్రాంతి గది, స్నానానికి నీళ్లు, ఫిర్యాదు వచ్చినపుడు కూలి కోయకముందు వారి వాదన వినే పద్ధతి — ఈ మూడింటిని కోరుతూ ఒక తీర్మానం ముసాయిదా ఈ సభకు తెచ్చాము. వారు మన సభ్యులు కారు కదా అని ఒక శాఖ నుండి అభ్యంతరం వచ్చింది. ఆ శాఖ మిత్రులే ముందుగా మాట్లాడాలని కోరుతున్నాము. ప్రతులు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి.