పక్క బోరులో నీళ్లెందుకు పడలేదు?

పులివెందుల చీనీ తోటల్లో ఒకరి బోరులో నీళ్లు పడతాయి, కూతవేటు దూరంలో పక్క రైతు వేసిన బోరు దుమ్ము తప్ప ఏమీ లేపదు. దీన్ని అదృష్టం ఖాతాలో రాసేయడం మనకు అలవాటు. ఆ తేడా రాతి అల్లికలోనే ఉందని, గళ్ల నమూనాలను కంప్యూటర్ మీద ఆడించి చూస్తే అది తేటపడుతుందని నా వాదన. 1957లో బ్రాడ్‌బెంట్, హామర్స్‌లీ ప్రతిపాదించిన పర్కొలేషన్ నమూనానే తీసుకోండి. పెద్ద చదరపు గళ్ల పట్టికలో ఒక్కో గడికీ కంప్యూటర్ 0కీ 1కీ మధ్య ఏదో ఒక సంఖ్యను ఏరుతుంది. అది మనం ఎంచుకున్న సంఖ్యకు లోపుంటే గడి తెరిచినట్టు, లేకుంటే మూసినట్టు. ఆనుకుని ఉన్న తెరిచిన గళ్లన్నీ ఒక గుంపు. వరుస తర్వాత వరుస చదువుతూ గుంపులకు గుర్తులు వేసే తేలిక పద్ధతిని 1976లో హోషెన్, కోపెల్మన్ చూపారు. నూటికి 55 గళ్లు తెరిస్తే గుంపులు ఎక్కడికక్కడ ఆగిపోతాయి. ఆ లెక్క 59.27 అనే హద్దు దాటిందా, ఒక గుంపు పై అంచు నుంచి కింది అంచు దాకా పాకిపోతుంది. చిన్న పట్టికలో ఈ మలుపు మసకగా ఉంటుంది, పట్టిక పెరిగేకొద్దీ పదునెక్కుతుంది.

తెరిచిన గడిని నీరు పారే పగులు అనుకోండి. జమ్మలమడుగు నాపరాతికీ, పులివెందుల వైపు డోలమైటుకూ సొంతంగా నీరు పట్టే గుణం దాదాపు లేదు, ఉన్న నీరంతా పగుళ్లలోనే. ప్రొద్దుటూరు పక్కన పెన్న ఇసుకలోనైతే రేణువుల మధ్య సందులన్నీ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి, అంటే హద్దుకు చాలా పైన ఉన్నట్టు. అందుకే ఇసుకలో పక్కపక్క బోర్లు ఇంచుమించు ఒకేలా నడుస్తాయి. హద్దు దగ్గరి రాతిలో ఆ భరోసా లేదు. ఒక బోరు పెద్ద గుంపును తాకుతుంది, ఇంకొకటి నాలుగు గళ్ల చిన్న గుంపును తాకి, మొదట పొంగి కొన్నాళ్లకే ఎండిపోతుంది. అక్కడ సగటు పగుళ్లు ఎన్నో చెప్పినంత మాత్రాన రైతుకు ఒరిగేది లేదు.

రాయి చదరంగం పలక కాదు కదా అని అడగవచ్చు. నిజమే, హద్దు అంకె అల్లికను బట్టి మారుతుంది. త్రిభుజాల అల్లికలో సరిగ్గా నూటికి 50, ఘనాల పేర్పులో 31.16. అంకెను అరువు తెచ్చుకోకూడదు. కానీ హద్దును సమీపించే కొద్దీ గుంపులు పెరిగే తీరు రెండు కొలతల అల్లికలన్నిటికీ ఒక్కటే, మనకు పనికొచ్చేది అదీ. ఇంకో అభ్యంతరం బలమైనది: గళ్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తెరుచుకుంటాయని నమూనా అంటుంది. ఈ నాపరాతి, అంటే సున్నపురాతి, ప్రాంతంలోనే, కొలిమిగుండ్ల దగ్గర, 3 కిలోమీటర్లు దాటిన బెలూం గుహలున్నాయి. నీరు తాను పారిన పగులునే కరిగించి వెడల్పు చేసుకుంది. ఆ చోట పాత నియమం చెల్లదు, తెరిచిన గళ్ల మొత్తం మారకుండా, నీరు పారిన గడికి పక్కగడి తెరుచుకునే అవకాశం పెంచి మళ్లీ ఆడించాలి. అలా ఆడిస్తే దారులు తక్కువవుతాయి, ఉన్నవి దూరం పోతాయి. పక్కపక్క బోర్ల తేడా తగ్గకపోగా పెరుగుతుంది.

పులివెందుల దగ్గరి తుమ్మలపల్లె యురేనియం వ్యర్థాల చెరువు చుట్టుపక్కల నీరు చెడిందని, చెడలేదని వాదించే ఇరుపక్షాలూ ఇది గమనించాలి. ఒక బోరు నీరు శుభ్రంగా ఉందన్న పరీక్ష పక్క బోరుకు పూచీ కాదు, ఒక బోరు చెడితే ఊరంతా చెడినట్టూ కాదు. ఏ బోరు ఏ గుంపుకు కలిసిందో తేల్చాలంటే ఒక బోరును తోడుతూ మిగతా వాటి నీటిమట్టాలు కొలవాలి. ఆ కొలతలు చేతికొచ్చాకే సగటుల మాట.