సరుకు మీద గుర్తు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కుట్టుపని, అత్తరు, గాజులు, బేకరీ - మనవాళ్ళు చేసే సరుకులో నాణ్యానికి లోటు లేదు. అయితే ఒకసారి కొన్నవాడు మళ్ళీ వెతుక్కుంటూ రావాలంటే ఏ గుర్తు చూసి అడగాలో వానికి తెలియాలి. దానినే లోగో అంటున్నారు. దాన్ని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

గుర్తు మనకు కొత్త కాదు. మహాప్రవక్త (స) పరదేశపు రాజులకు లేఖలు పంపదలచినప్పుడు, ముద్ర లేని లేఖను వారు చదవరని సహచరులు చెప్పారు. అప్పుడు ఆయన వెండి ఉంగరం చేయించి ముహమ్మద్, రసూల్, అల్లాహ్ అనే మూడు మాటలను మూడు వరుసలుగా చెక్కించారు. ఆ చెక్కడాన్ని మరెవరూ తమ ఉంగరాలపై వేయించుకోరాదన్నారు. హదీసులలోని ఈ సంగతిలో మనకు కావలసినదంతా వున్నది: గుర్తు క్లుప్తంగా వుండాలి, ఒక్కరిదే కావాలి, దాని వెనుక నమ్మకం వుండాలి.

క్లుప్తతకు స్టేట్ బ్యాంకు గుర్తు చూడండి. 1971లో అహమ్మదాబాదు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు చెందిన శేఖర్ కామత్ వేసినది. నీలి వృత్తం, తాళపు కన్నం వంటి సందు. అంతే! బోర్డు మీదనైనా, పాసుపుస్తకం మీదనైనా ఇట్టే తెలుస్తుంది. మీ గుర్తు రబ్బరు స్టాంపులో ఒక్క రంగుతో పడుతుందా? సెల్‌ఫోనులో గోరంత సైజులో కనబడుతుందా? లేకపోతే గీతలు తగ్గించండి.

ఇక ప్రత్యేకత. హైదరాబాదులో ఏ వీధి చూసినా చార్మినారు బొమ్మ, నెలవంక - నక్షత్రమే. అందరూ వాడే బొమ్మ ఎవరికీ గుర్తు కాదు. మీ పేరులోని అక్షరమో, మీ ఇంట్లోనే కుట్టే ఒక పువ్వో తీసుకోండి. పేరున్న కంపెనీ గుర్తును కొంచెం మార్చి వాడుకోవడం తెలివి కాదు, మోసం. ధర్మమూ ఒప్పదు, చట్టమూ ఒప్పదు. 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం కింద మీ గుర్తును రిజిస్టరు చేయిస్తే 10 ఏళ్ళ రక్షణ వుంటుంది, తర్వాత రెన్యూవల్ చేసుకోవచ్చు.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. బరకత్ కోసమని కొందరు అల్లాహ్ పేరు, కాబా బొమ్మ పొట్లాలపై వేయిస్తున్నారు. తిన్న తర్వాత ఆ కాగితం ఎక్కడ పడుతుంది? మురుగు కాలువలో! దయచేసి మానండి. అలాగే క్లినిక్కులు, మందుల షాపులవారు ఎర్ర శిలువనో, ఎర్ర నెలవంకనో బోర్డుకెక్కిస్తున్నారు. ఎర్ర నెలవంకను 1876లో ఉస్మానియా సామ్రాజ్యం యుద్ధ క్షతగాత్రుల సేవకు స్వీకరించింది. 1929 జెనీవా ఒప్పందం దాన్ని గుర్తించింది. రణరంగంలో ప్రాణాలు కాపాడే గుర్తది. ప్రతి దుకాణం మీదా కనబడితే దాని విలువ పోతుంది. అందుకే మన దేశపు 1960 జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా వాడడం నేరం.

చివరి మాట నమ్మకం గురించి. గుర్తు సరుకును మంచిది చేయదు. తూకం తగ్గిన సరుకు మీద చక్కని గుర్తు వేస్తే, ఏది కొనకూడదో జనం తొందరగా తెలుసుకుంటారు, అంతే. ప్రవక్తగారిని ముద్ర వేయకముందే మక్కావాసులు అల్ అమీన్, అనగా నమ్మదగినవాడు అని పిలిచారు. ముందు ఆ పేరు సంపాదించుకుందాము, ఆ తర్వాత బొమ్మ గీయించుకుందాము.

అల్లాహ్ మన సంపాదనలో బరకత్ ప్రసాదించుగాక. ఆమీన్.