నీలి కాగితము – మన పాత పటములు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను వక్తను కాను. రైల్వేలో గుమాస్తాను, చదువు మెట్రిక్యులేషనుతో ఆగింది. ఉగాదినాడు నాలుగు మాటలు చెప్పవలెనని కార్యదర్శిగారు అడిగారు. పంచాంగ శ్రవణానికి పెద్దలున్నారు గనుక, కొన్నేళ్ళుగా నా మనస్సును పట్టి ఉంచిన ఒక సంగతి మీతో మనవి చేస్తాను.

సెల్‌ఫోనుతో నిమిషానికి పది ఫోటోలు తీసే ఈ రోజులలో, నూటయాభై ఏళ్ళనాటి పద్ధతులతో, చేతులకు మందుల మరకలు అంటించుకొని, ఒక్క పటము కోసము పూటంతా చీకటి గదిలో శ్రమపడేవారు మన దేశములో ఉన్నారు. గోవాలో మాధవన్‌గారు ఇందుకని ఒక కేంద్రమే స్థాపించారు. శాంతినికేతనములో అర్పణ్ ముఖర్జీగారు ఈ పద్ధతులతో పటములు తీస్తూ, ఇతరులకు కూడా నేర్పారు. ఇది తీరికగలవారి వేడుక, మనకెందుకు అని మీరనవచ్చును. మనవంటి వలస కుటుంబాలకే ఇది ఎక్కువ అవసరమని నా అభిప్రాయము.

మొదట మా రైల్వే సంగతి చెబుతాను. మన పట్టాభిరామ్ మీదుగా పోయే ఈ మార్గము దక్షిణదేశములో మొట్టమొదటి ప్రయాణికుల రైలుమార్గము. 1856 జూలై 1న రాయపురము నుంచి వాలాజా రోడ్డు దాకా బండి నడిచింది. తరువాతి కాలములో వంతెనలకు, యార్డులకు వేసిన ప్లానులు నీలి కాగితము మీద తెల్లని గీతలతో ఉండేవి. బ్లూప్రింటు అనే మాట మీరందరూ వినే ఉంటారు. అదీ ఒక ఫోటోయే! దాని అసలు పేరు సైనోటైపు. 1842లో ఇంగ్లండులో సర్ జాన్ హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు దానిని కనిపెట్టాడు.

పద్ధతి సులభము. రెండు ఇనుప లవణములను నీటిలో కలిపి, కాగితానికి పూసి, చీకటిలో ఆరబెడతారు. దాని మీద ట్రేసింగు కాగితము పరచి, పైన గాజు పలక పెట్టి, ఎండలో ఉంచుతారు. ఎండ తగిలినచోట నీలము గట్టిపడుతుంది. గీత అడ్డుపడినచోట మందు నీటితో కొట్టుకుపోయి తెల్లగా నిలుస్తుంది. వెండి అక్కరలేదు, కెమేరా కూడా అక్కరలేదు. ఇంకొక వింత ఏమంటే, ఎండకు వెలిసిన ఆ నీలము కొన్నాళ్ళు చీకటిలో ఉంచితే చాలావరకు తిరిగి వస్తుంది. చాకలిసోడా తగిలితే మాత్రము పోయినట్టే.

మన ఇల్లాండ్రకు కూడా ఈ విద్య కొంత తెలిసినదే. పసుపుబట్టను నీడలో ఆరవేయమని నాయనమ్మలు చెప్పేవారు గదా! పసుపు పూసిన కాగితము మీద ఒక ఆకు పెట్టి ఎండలో ఉంచితే, చుట్టూ రంగు వెలిసి, ఆకు కింద మాత్రము పసుపు నిలుస్తుంది. ఆకు బొమ్మ అచ్చుపడుతుంది. ఇదీ వారు చేసే పాత పద్ధతులలో ఒకటే. తుమ్మ బంకలో రంగు కలిపి అచ్చు తీసే పద్ధతి మరియొకటి.

ఈ పద్ధతులతో వెనుకటివారు పడిన శ్రమ సామాన్యము కాదు. 1851లో ఆర్చర్ కనిపెట్టిన తడి గాజుపలక పద్ధతిలో, పలక ఆరిపోకముందే ఫోటో తీసి కడగవలెను. మన ఎండలకు అది ఎంతసేపు తడిగా ఉంటుంది? అందుకే చెన్నపట్నం ప్రభుత్వము నియమించిన లినియస్ ట్రైప్ దొర మైనము పట్టించిన కాగితపు నెగెటివులు వాడాడు. 1858లో తంజావూరు పెద్ద కోవెల పీఠము మీది శాసనాలను 21 ముక్కలుగా తీసి, వరుసగా అతికి, 19 అడుగుల పటము చేశాడు.

అయితే, పాతదంతా పవిత్రమన్నట్టు మాట్లాడేవారితో నేను ఏకీభవించను. ఆ పలకలకు ఎరుపు, పసుపు సరిగా కనబడవు. పసుపు రాసుకున్న పెండ్లికూతురు ముఖము నల్లబడుతుంది. కుంకుమబొట్టు కాటుకచుక్క అవుతుంది. చామనచాయ మనిషి మరింత నల్లగా వస్తాడు. 1868 మొదలు 1875 వరకు ఎనిమిది సంపుటాలుగా వెలువడిన 'పీపుల్ ఆఫ్ ఇండియా' అనే గ్రంథములో మన దేశస్థులను వరుసగా నిలబెట్టి ఫోటోలు తీసి అచ్చువేశారు. చాలామందికి కులము పేరేగాని సొంత పేరు లేదు. ముఖర్జీగారు అదే పాత పద్ధతిని చేపట్టి, తెల్లని చర్మము మీద మనకున్న మోజును ప్రశ్నించారు. పాత పనిముట్టుతో ఆ పాత తప్పునే ఎత్తి చూపడము నాకు నచ్చింది. ఆ మందులలో కొన్ని విషములన్న సంగతి కూడా మరువరాదు. సయనైడు, బైక్రోమేటు ఇంటికి తేవలసిన వస్తువులు కావు.

ఇక నా సొంత మాట. మా తాతగారు నెల్లూరు జిల్లానుంచి పెరంబూరు వచ్చి రైల్వేలో చేరారు. ఆయన పెండ్లి ఫోటో ఒక్కటే మా ఇంట ఉన్నది. అది వెలిసిపోతున్నదని మా నాన్నగారు ఊరికి వెళ్ళి నెగెటివు అడిగితే, స్టూడియోవారు పాత గాజు పలకలన్నీ గీకి, కడిగి, గాజు కింద అమ్మివేశామన్నారు. సికిందరాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్ గారి గాజు నెగెటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళాకేంద్రము 1989లో కొని భద్రపరచింది. రాజుల పటములకు కేంద్రాలున్నవి. మన తాతల పటములకు మనమే కేంద్రము.

ఆ ఫోటో వెనుక తాతగారు పెన్సిలుతో తొమ్మిదిమంది పేర్లు తెలుగులో వ్రాశారు. నాలుగవ తరగతి చదివే మా అమ్మాయి దానిని తిప్పి చూసి, "నాన్నా, ఇదేమి భాష?" అని అడిగింది. ఇంట మేము తెలుగే మాట్లాడతాము. కాని దానికి తమిళ అక్షరాలు, ఇంగ్లీషు అక్షరాలు వచ్చును. మన అక్షరాలు రావు. ఫోటో వెలిసిపోవడము ఒక నష్టము. దాని వెనుక వ్రాత చదివేవారు లేకపోవడము అంతకంటె పెద్ద నష్టము.

ఊటీలో 1960లో స్థాపితమై, 1967లో ఉత్పత్తి మొదలుపెట్టిన హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వారి 'ఇందు' ఫిల్ము ఒకప్పుడు దేశమంతా పోయేది. ఆ కర్మాగారము మూతపడింది. ఫోనులోని వేల బొమ్మలు ఫోను పోతే ఏమవుతవో మీకే తెలుసు. ఫోనును నేను నిందించడము లేదు. పాత పటాలకు నకళ్ళు తీయడానికి అంతకంటె సులభమైన సాధనము లేదు. అయితే, తన చేతితో చేసిన వస్తువును పిల్లవాడు మరచిపోడు. ఈ పాతపద్ధతులవారి వద్ద నేను నేర్చుకున్నది అదే.

కనుక సంఘమువారికి ఒక విన్నపము. ఈ వేసవిలో ఒక ఆదివారము అందరమూ ఇంటి పాత ఫోటోలు తెద్దాము. ముందు ఫోనుతో నకళ్ళు తీద్దాము. ఎవరెవరో పెద్దలచేత చెప్పించి, వెనుక మెత్తని పెన్సిలుతో తేలికగా పేర్లు వ్రాద్దాము. తరువాత పిల్లలచేత ట్రేసింగు కాగితము మీద నల్లసిరాతో తమ ముత్తాత, ముత్తవ్వల పేర్లు తెలుగులో వ్రాయిద్దాము. తెలిసినవారొకరిని పిలిపించి, నీలి మందు పూసిన కాగితము మీద వాటిని పరచి ఎండలో పెడదాము. రైల్వే ప్లాను మీద గీతల మాదిరిగా, నీలము మీద ఆ పేర్లు తెల్లగా తేలివస్తాయి. పేరు వ్రాయడానికైనా ఆ పిల్లవాడు అక్షరాలు నేర్చుకోవలెను గదా! పట్టాభిరామ్‌లో ఎండకు కరువు లేదు; ఖర్చూ స్వల్పమే.

పెద్దల పేర్లు చెప్పగలవారు మన మధ్య ఉండగానే ఈ పని జరగవలెనని కోరుతున్నాను.