కుట్టుమిషను చదువుకి బదులు కాదు



అభ్యసన వైకల్యాలున్న పిల్లల చదువులో బొమ్మలూ చేతిపనులూ ఎలా ఉపయోగపడతాయో చెప్పమన్నారు. ఈ విషయం మీద మాట్లాడేవాళ్ళు సాధారణంగా పిల్లల ముఖాల్లో కనిపించే ఆనందం గురించి చెబుతారు. ఆనందం మంచిదే. కానీ చేతిపని ఎప్పుడు చదువు నేర్పే సాధనమవుతుంది, ఎప్పుడు చదువు మాన్పించే సాకవుతుంది అన్నది నా ప్రశ్న. ఆ సాకు ఆడపిల్లల దగ్గర మరీ తేలిగ్గా చెల్లుతుంది.

నేను అంటున్నది డిస్లెక్సియా వంటి వాటి గురించి. ఈ పిల్లలకి తెలివికేమీ లోటుండదు. అక్షరాన్నీ శబ్దాన్నీ కలపటం, రాయటం, అంకెల్ని పట్టుకోవటం దగ్గర ఆగిపోతారు. 1995 నాటి వికలాంగుల చట్టంలో వీటి ఊసే లేదు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇవీ చేరాయి. వీటిని వీలైనంత త్వరగా కనిపెట్టి తగిన బోధన అందించాలని ఆ చట్టం 16వ సెక్షను చెబుతోంది.

అయితే ఎవరిని కనిపెడుతున్నారు? అమెరికాలోని కనెక్టికట్ పిల్లల మీద శాలీ షేవిట్జ్ బృందం చేసిన అధ్యయనం 1990లో వెలువడింది. బడి గుర్తించినవాళ్ళలో మగపిల్లలు చాలా ఎక్కువ. పరిశోధకులే పిల్లలందరినీ పరీక్షిస్తే ఆడ, మగ పిల్లల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అల్లరిచేసే పిల్లవాడు టీచరు కంట్లో పడతాడు. పక్కపిల్ల నోట్సు చూసి నోరెత్తకుండా గుండ్రంగా దించుకునే అమ్మాయితో ఎవరికీ ఇబ్బంది లేదు. 2007లో 'తారే జమీన్ పర్' సినిమా డిస్లెక్సియా అన్న మాటను చాలా ఇళ్ళకి చేర్చింది. అక్కడా అబ్బాయే, అదీ బోర్డింగు స్కూలుకి పంపగలిగిన ఇంటి అబ్బాయి. పదో తరగతి తప్పిన అమ్మాయికి మనం చూపించేది కుట్టు సెంటరు. వాటిలో చాలా మన సంస్థలు నడిపేవే.

ఇక చేతిపని చదువెలా అవుతుందో చూద్దాం. 'ప' పొట్టలో చిన్న గీత పెడితే 'ష', కింద గీత తగిలిస్తే 'ఫ'. 'వ', 'మ'ల మధ్య తేడా ఒక్క కొమ్ము. కాగితం మీద ఇవన్నీ కలిసిపోయే పిల్ల, బంకమట్టితో 'ప' చేసి, దాని శబ్దం పైకి పలుకుతూ, ఆ గీతని వేరే ముక్కగా తనే అతికించినప్పుడు తేడా ఎక్కడుందో వేలికి తెలుస్తుంది. అట్టముక్క మీద పురికొస అంటించినా అంతే. ముగ్గు చూడండి. ఏడు చుక్కలు, ఒకటి వచ్చేదాకా ఎదురుచుక్క. 1, 3, 5, 7, 5, 3, 1. మొత్తం 25. బేసి సంఖ్యలు, కూడిక, సౌష్ఠవం అన్నీ అందులోనే ఉన్నాయి. రోజూ వాకిట్లో ఈ లెక్క తప్పకుండా వేసే పిల్లని తరగతిలో లెక్కలు రాని మొద్దు అంటున్నాం. వాకిట్లో చేసింది ఇంటిపని కాబట్టి ఎవరికీ లెక్కలా కనబడదు.

ముగ్గు వేయించగానే లెక్కలు వచ్చేస్తాయనీ కాదు. చుక్కల నుంచి అంకెకి, అంకె నుంచి పుస్తకానికి టీచరు చెయ్యి పట్టుకు నడిపించాలి. శబ్దానికీ అక్షరానికీ ఉన్న సంబంధం విడిగా, ఓపిగ్గా, మళ్ళీ మళ్ళీ చెప్పాలి. ఆ పని జరగకపోతే మట్టి మట్టిగానే ఉంటుంది. 1937లో వార్ధాలో గాంధీ ముందుకు తెచ్చిన నయీ తాలీం పని ద్వారా చదువు అంది. మనం పనిని ఉంచుకుని 'ద్వారా'ని వదిలేశాం.

కుట్టు నేర్పద్దని నేననటం లేదు, అది కూడుపెట్టే విద్యే. కానీ టేపు మీద కొలత చదవటం, జాకెట్టు ముక్కలో సగం, పావు లెక్కకట్టటం, రసీదు రాయటం అదే సెంటర్లో నేర్పొచ్చు కదా? పది మళ్ళీ రాయించొచ్చు కదా?

బడిలో అడగటానికీ ఆధారం ఉంది. 6 నుంచి 8 తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే కళలకీ, పని విద్యకీ పార్ట్‌టైం బోధకులుండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఉంది. మీ మండలంలో అలాంటి బళ్ళెన్ని, వాటిలో బోధకులున్నవెన్ని, వాళ్ళు నిజంగా ఏ పని చేస్తున్నారు అని 2005 సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. జవాబులు వచ్చాక వాటిని పక్కపక్కన పెట్టుకుని మళ్ళీ కూర్చుందాం.