పిల్లల తలనొప్పి సాకు కాకపోవచ్చు



పిల్లల్లో రక్త క్యాన్సర్ తర్వాత ఎక్కువగా కనిపించేవి మెదడు గడ్డలే. వాటిలో సుమారు మూడో వంతు నెమ్మదిగా పెరిగే రకం. అందుకే నెలల తరబడి బయటపడవు. పొద్దున లేవగానే తలనొప్పి, వాంతి, నడకలో తూలడం, మెల్లకన్ను, బోర్డు మీది అక్షరాలు మసకబారడం వంటివి వాటి గుర్తులు. బడిలో ఇవి బద్ధకంగా, ఇంట్లో బడి ఎగ్గొట్టే సాకుగా కనిపిస్తాయి.

చిన్నమెదడులోని ఇలాంటి గడ్డను ఆపరేషన్‌తో పూర్తిగా తీయగలిగితే 100కి 90 మందికి పైగా పిల్లలు పదేళ్ల తర్వాత కూడా బతికే ఉంటారు. కంటి నరం మీదిదైతే మందులతో అదుపు చేస్తారు. కానీ ఆలస్యమైతే పోయిన చూపు చాలావరకు తిరిగి రాదు.

జబ్బు తేలాక ఆదుకునేవారు ఉన్నారు. తేల్చే ఎమ్మారై ఖర్చు దగ్గరే పేద తల్లి ఆగిపోతోంది. మీ విరాళంలో కొంత అక్కడికి చేరాలని నా మనవి.