ఉమ్మడి ప్రయోగశాల: రుసుములు, నియమములు

మన పల్లెలలో పెండ్లి వంటకు కావలసిన పెద్ద గుండిగలు, గంగాళములు ప్రతి యింటను ఉండెడివి కావు. ఊరందరి సొత్తుగా దేవాలయమునందో, పెద్దల యింటనో కొన్ని పాత్రలు ఉండెడివి. శుభకార్యము తలపెట్టినవారు వానిని తీసికొనిపోయి, వాడుకొని, తోమి అప్పగించునపుడు కొద్దిపాటి పైకము చెల్లించెడివారు. అది గుండిగ వెల కాదు, ఎవరికో లాభము చేకూర్చు అద్దెయు కాదు. అది కళాయి డబ్బు. కళాయి పోయిన యిత్తడి పాత్రలో పులుసు కాచినచో కిలుము దిగి, తిన్నవారికి కీడు చేయును. కావున ఆ పైకము ఇచ్చినవాడు తన యింటి పెండ్లికంటె తన తరువాత జరుగబోవు పెండ్లికే ఎక్కువగ ఇచ్చినట్లు లెక్క. నేడు మేము చెప్పబోవునది విశ్వవిద్యాలయములలోని ఉమ్మడి రసాయన విశ్లేషణ ప్రయోగశాలలను గూర్చి. అచటి రుసుములు, నియమములు అనగానే వినుటకు నీరసముగా తోచవచ్చును. కాని వాని సారమంతయు ఈ కళాయి డబ్బులోనే కలదు.

రసాయన విశ్లేషణ మనగా ఒక పదార్థమున ఏమేమి కలవో, ఎంతెంత కలవో తేల్చి చెప్పుట. ఒక్క ఉదాహరణము చాలును. త్రాగునీటిలో సీసము లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదని భారత ప్రమాణము విధించుచున్నది. అనగా పదికోట్ల పాళ్ళ నీటిలో ఒక పాలు సీసము. ఇంత స్వల్పమైన దానిని కన్ను చూడలేదు, నాలుక ఎరుగలేదు. దానిని పట్టుటకు ఆర్గాన్ వాయువును వేలకొలది డిగ్రీల వేడిమికి తెచ్చి, అందులోనికి నీటి తుంపరలను పంపి, విడివడిన పరమాణువులను వాని బరువును బట్టి వేరుచేసి లెక్కించు యంత్రము కావలెను. అట్లే ఒక క్రొత్త మందులో ఏ పరమాణువు దేనితో కూడియున్నదో తెలిసికొనుటకు ఎన్.ఎమ్.ఆర్. అను మహాయస్కాంత యంత్రము కావలెను. ఇట్టి యంత్రములలో కొన్నింటి వెల కోట్ల రూపాయలు.

పూర్వమిట్లు లేదు. 1933లో వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు రసాయన శాస్త్రము బోధించుటకు వచ్చిన టి.ఆర్. శేషాద్రిగారు అంతకు పూర్వము ఆస్ట్రియా దేశమునకు పోయి, 1923లో నోబెల్ బహుమానము పొందిన ప్రెగ్ల్ పండితునియొద్ద సూక్ష్మవిశ్లేషణ విద్య నేర్చినవారు. కొద్ది మిల్లీగ్రాముల పదార్థముతోనే అందలి కర్బనము, ఉదజని ఎంతయో తేల్చు విద్య అది. దానికి ముఖ్యసాధనములు సున్నితమైన త్రాసు, నేర్పుగల చేయి. ప్రత్తిపూవులలోని రంగు పదార్థములను గూర్చి వారును, వారి శిష్యులును చేసిన పరిశోధనలకు కీర్తి వచ్చినది అట్టి సాధనములతోడనే. నేడు ఆ నేర్పు యంత్రములోనికి ప్రవేశించినది. త్రాసును ప్రతి కళాశాలయు కొనగలదు. కోట్ల యంత్రమును కొనలేదు. కావుననే 1970 తరువాతి దశాబ్దములో కేంద్ర ప్రభుత్వపు శాస్త్ర సాంకేతిక శాఖవారు మద్రాసు, బొంబాయి ఐ.ఐ.టీ.ల వంటి చోట్ల ప్రాంతీయ యంత్ర కేంద్రములను నెలకొల్పిరి. స్వంత యంత్రములు లేని సంస్థల పరిశోధకులకు తోడ్పడుటయే వాని ముఖ్యోద్దేశము. 2020 జనవరిలో ప్రారంభమైన ఐ-స్టెమ్ అను జాలస్థలము ద్వారా ఏ యంత్రము ఏ యూరిలో కలదో తెలిసికొని, దూరమునుండియే వంతు కోరుకొను వీలు కలిగినది.

ఇంతవరకు బాగుగనే యున్నది. ప్రభుత్వము యంత్రము కొనియిచ్చినది గదా, మరల విద్యార్థినుండి రుసుమేల అని శ్రోతలు అడుగవచ్చును. ఎన్.ఎమ్.ఆర్. యంత్రమునే చూడుడు. దానిలోని తీగచుట్ట సున్నకు దిగువ 269 డిగ్రీల చలిలో, ద్రవరూపమున నున్న హీలియములో మునిగియుండవలెను. ఆ పాత్రచుట్టును సున్నకు దిగువ 196 డిగ్రీల ద్రవ నత్రజని యుండును. నమూనాలు వచ్చినను రాకున్నను ఈ ద్రవములు ఆవిరియగుచునే యుండును. హీలియము మనకు చాలవరకు విదేశములనుండి రావలసినదే. దానిని సకాలమున నింపనిచో తీగచుట్ట వేడెక్కి, యస్కాంతశక్తి క్షణములలో నశించి, మిగిలిన ద్రవము వాయువై లేచిపోవును. దానిని మరల నిలబెట్టుట మిక్కిలి వ్యయముతో కూడిన పని. దున్నినను దున్నకున్నను ఎద్దునకు మేత వేయక తప్పదు గదా! ఇక వాయువుల సిలిండర్లు, ఎడతెగక తిరుగు శూన్యపంపులు, విద్యుత్తు, మరమ్మతు ఒడంబడిక, యంత్రము నడపువారి జీతములు కలవు. యంత్రము కొనుటకు గ్రాంటు దొరకుట సులభము. దానిని మేపుటకు దొరకుట కష్టము.

ఈ సంగతి మేము అనుభవముచేతనే నేర్చితిమి. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక విశ్వవిద్యాలయమున ఇట్టి ప్రయోగశాలకు నియమములు వ్రాయు సంఘములో మేమును ఉంటిమి. విద్యార్థులెల్లరకు సర్వము ఉచితమని వ్రాసితిమి. గొప్ప మేలు చేసితిమని తలచితిమి. ఆరు నెలలు తిరుగకమునుపే నమూనాలు కుప్పలుగా వచ్చి పడెను. శుద్ధిచేయని పదార్థములు, ఒకే పదార్థము నాలుగు మారులు, చూతమన్నట్లు పంపినవి అన్నియు చేరెను. వంతు నాలుగు నెలలు దాటెను. యంత్రము ప్రక్కగదిలో నున్నవారు ఏదో యొక సందున తమ పని నెరవేర్చుకొనిరి. దూరమునుండి వచ్చువారికే వంతు దొరకదయ్యెను.

ఆ రోజులలో ఒక చిన్న పట్టణపు కళాశాలనుండి ఒక పరిశోధక విద్యార్థిని రాత్రి బస్సులో ప్రయాణము చేసి వచ్చెను. టిఫిను క్యారియరులో మంచుగడ్డ నడుమ నాలుగు చిన్న సీసాలు తెచ్చుకొనెను. ఆనాటికి ఆమె వంతు వచ్చినది, కాని యంత్రము ఆగిపోయియున్నది. హీలియమునకు పైకము మంజూరు కావలసిన కాగితము ఏదో బల్లపై నిలిచిపోయెను. ప్రయోగశాల చేతిలో తనదనదగిన రూపాయి లేదు. ఆమె మమ్ము ఒక్క మాటయు అనలేదు. "మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు సార్?" అని మాత్రము అడిగెను. ఆ ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేకపోయెను. ఉచితమన్న మా మాట ఆమెకు బస్సు చార్జీలను, ఒక రాత్రి నిద్రను, నాలుగు నెలల కాలమును ఖర్చు చేయించినది.

పిమ్మట సంఘములో కొందరు వేరొక కొసకు పోయిరి. ఖర్చంతయు వాడుకొనువారినుండియే రాబట్టవలెననిరి. ఈ మార్గము ఎచటికి పోవునో ఒక ఊహాలెక్క వేసి చూతము. ఏటికి ఖర్చు 12 లక్షల రూపాయలు, వచ్చు నమూనాలు 4,000 అనుకొందము. నమూనాకు 300 రూపాయలు పడును. ఆ ధరకు వెనుదీసి సగము మంది మానుకొన్నచో ఎద్దు మేత తగ్గదు గనుక రుసుము 600 కావలెను. అందులో మరల సగము మంది మానినచో 1,200. ధర పెరిగిన కొలది జనము తగ్గుదురు, జనము తగ్గిన కొలది ధర పెరుగును. చివరకు యంత్రము చెక్కుచెదరక, నిర్మలముగా, నిరుపయోగముగా మిగులును.

కావున లోకములో నిలిచిన పద్ధతి మధ్యమార్గమే. విశ్వవిద్యాలయపు స్వంత విద్యార్థులకు ఒక రేటు, ఇతర విద్యాసంస్థలవారికి కొంచెము హెచ్చు రేటు, పరిశ్రమలవారికి పూర్తి రేటు. పరిశ్రమలవారు ఎక్కువ చెల్లించుట శిక్ష కాదు. ప్రజాధనముతో కొన్న యంత్రమును లాభమునకై వాడుకొనునపుడు దాని అరుగుదలను వారు భరించుట న్యాయము. అంతియే గాక, స్వంత పెట్టుబడితో పరీక్షాశాల నడపుకొను వ్యాపారిని ప్రభుత్వపు యంత్రము చౌకధరతో దెబ్బతీయుటయు తగదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇట్టి ప్రయోగశాలలు ప్రభుత్వ గ్రాంటులనుండి రుసుము తీసికొనవలెనన్నచో, ఖర్చును మించి రాబట్టరాదనియు, కనీసము రెండేండ్ల కొకసారి రేట్లను సరిచూడవలెననియు నిబంధన కలదు. లాభము మిగులరాదు, లోటును మరుగుపరుపరాదు. మనము అనుసరింపదగిన నీతి ఇది.

దీనికి మేము మరియొకటి చేర్చితిమి. యంత్రకాలములో ఒక భాగమును చిన్న కళాశాలలకు విడిగా కేటాయించి, దానిని నియమావళిలో వ్రాయించితిమి. అధికారి దయమీద ఆధారపడిన రాయితీ, మాటకారికి దొరకును, మొగమాటస్థునికి దొరకదు. కాగితముపైనున్న రాయితీని ఎవరైనను హక్కుగా అడుగవచ్చును. మరియు వసూలైన రుసుము ఇతర పద్దులలో కలియక, హీలియమునకు, మరమ్మతులకు వెంటనే అందునట్లు ప్రత్యేక ఖాతా యుంచితిమి. ఆ కాగితము మరల ఏ బల్లపైనను నిలువరాదు గదా!

ఇక నియమముల మాట. మొదటిది, నమూనాలో ఏమున్నదో తెలిసినంతవరకు వ్రాసి ఇయ్యవలెను. "తెల్లని పొడి" అని వ్రాసిన చాలదు. ఎండిన పిక్రిక్ ఆమ్లము రాపిడికే ప్రేలిపోవును. దానిని చెంచాతో గీకువాడు ఎవరి బిడ్డయో గదా! రెండవది, ద్రావణమును వడగట్టి, వీలైనంత శుద్ధిచేసి తేవలెను. ఒకని మురికి యంత్రములో చిక్కినచో తరువాతి పదిమంది ఫలితములు చెడును. మూడవది, వంతు కోరుకొని రాలేనివారు ముందుగా తెలుపవలెను. తెలుపనివారు ఆ గంటలకు రుసుము చెల్లించవలెను. ఆ శూన్యకాలమున వేరొకరి నాలుగు సీసాలు పూర్తియై యుండెడివి. నాలుగవది, మిగిలిన పదార్థమును, ఫలితముల నకళ్ళను ప్రయోగశాల ఎంతకాలము భద్రపరచునో ముందే ప్రకటింపవలెను.

అయిదవది తరచు తగవులకు కారణమగుచున్నది. పరిశోధన వ్యాసముపై ప్రయోగశాలవారి పేరు ఉండవలెనా? రుసుము తీసికొని, సామాన్యమైన పరీక్ష చేసి యిచ్చినచో కృతజ్ఞత తెలుపుట చాలును. ఫలితమునకు అర్థము చెప్పుటలో, ప్రయోగమును రూపొందించుటలో బుద్ధి వెచ్చించినచో పేరు చేర్చవలెను. రుసుము చెల్లించితిమి గనుక కృతజ్ఞత అక్కరలేదనుట ఒక తప్పు. యంత్రము మాది గనుక ప్రతి వ్యాసమున మా పేరుండవలెననుట వేరొక తప్పు.

గృహస్థులకు ఒక సూచన. మీ బావినీటి పరీక్షకై ఈ పెద్ద యంత్రములను వెదకికొని పోనక్కరలేదు. గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలలు అందులకే యున్నవి. వ్యాజ్యమునకో, వ్యాపారమునకో ధ్రువపత్రము కావలసినచో అధికారిక గుర్తింపు గల పరీక్షాశాలకే పోవలెను. విశ్వవిద్యాలయపు పరిశోధన ఫలితము సత్యమే కావచ్చును, కాని అది ధ్రువపత్రము కాదు. ఇక మీ యింట పరిశోధన చేయు బిడ్డ యున్నచో, ఏ ప్రయోగశాలలో ఏ రాయితీ కలదో అడిగి తెలిసికొనుమని చెప్పుడు. అడుగుటలో చిన్నతనము లేదు.

ఆ విద్యార్థిని ఏడు నెలల తరువాత మరల వచ్చెను. అప్పటికి క్రొత్త నియమములు అమలులోనికి వచ్చినవి. చిన్న కళాశాలల వంతులో ఆమె నాలుగు సీసాలు ఒక్క పూటలో పూర్తియయ్యెను. రాయితీ పోను చెల్లించవలసిన స్వల్పమైన రుసుమును ఆమె లెక్కపెట్టి యిచ్చి, రసీదును జాగ్రత్తగా మడిచి పుస్తకములో పెట్టుకొనెను. ఇంత కష్టపెట్టి రుసుము కూడ పుచ్చుకొంటిమే యని మాకు సంకోచము కలిగి, ఆ మాటయే పైకి అంటిమి. ఆమె నవ్వి, "ఈసారి యంత్రము నడుస్తున్నది గదా సార్!" అనెను. ఊరి గుండిగకు కళాయి పెట్టించుటలోని ధర్మము ఆమెకు మేము చెప్పనక్కరలేకపోయినది.